కోడి రామమూర్తికి సగటు మార్కులు

ముందే చెప్పేస్తున్నా, నేను జీవితంలో ఒక్కసారి కూడా బాక్సింగ్ గ్లవ్స్ తొడుక్కోలేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో బకెట్ కోసం జరిగిన గొడవలో ఒక దెబ్బ తిన్నాను, అంతే నా అనుభవం. కానీ ముహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇద్దరూ మంచి వయసులో ఎదురుపడితే ఎవరు గెలుస్తారు అని ఎవరైనా అడిగారనుకోండి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. మీలోనూ ఇలాంటివాళ్లు ఉండే ఉంటారు. కాకపోతే మీరు సచినా కోహ్లీనా అని కొట్టుకుంటారు, నేను జో లూయిసా ఫోర్‌మనా అని కొట్టుకుంటాను. అంతే తేడా.

నా దురదృష్టం ఏంటంటే ఈ పిచ్చి మా తాతకి కూడా ఉంది. ఆయన మనిషి మాత్రం వేరు. కోడి రామమూర్తి.

మాది పెద్దదోర్నాల. శ్రీశైలం వెళ్లేవాళ్లందరికీ తెలిసిన ఊరే, టీ తాగి బస్సెక్కేంతవరకే తెలుసనుకోండి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు మేం కర్నూలు జిల్లావాళ్లం. అప్పుడెప్పుడో వాళ్ల నాన్న కర్నూల్లో రామమూర్తి సర్కస్ చూశాడని, రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకుంటే కళ్లారా చూశాడని తాత చెప్తాడు. అది రామమూర్తి సర్కస్సో ఇంకెవరిదో నాకు అనుమానమే. ఆ మాట తాత దగ్గర ఎప్పుడూ అనలేదు.

రామమూర్తి గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1882లో వీరఘట్టంలో పుట్టాడు. విజయనగరంలో పెరిగాడు, మద్రాసు వెళ్లి వ్యాయామ శిక్షణ పూర్తి చేసి వచ్చి అక్కడే డ్రిల్ మాస్టరుగా పనిచేశాడు. తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగాడు, లండన్ కూడా వెళ్లాడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసుల్ని ఊపిరి బిగబట్టి తెంపడం, కదిలే కార్లని పట్టి ఆపడం, ఏనుగు సంగతి సరేసరి. పైగా శాకాహారి. కలియుగ భీముడు అన్నారు, ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. 1942లో పోయాడు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది, ఈసారి వెళ్తే సెల్ఫీ కోసమైనా ఆగండి.

2020లో లాక్‌డౌన్ వచ్చి నేను లాప్‌టాప్‌తో సహా దోర్నాల చేరాను. పగలు ఆఫీసు పని, సాయంత్రం అరుగు మీద తాతతో వాదన. తాతకి అలీ కూడా తెలుసు. 1980లో అలీ మద్రాసు వచ్చి ప్రదర్శన పోటీ ఆడాడు, ఆ కబుర్లు అప్పట్లో మా ఊరిదాకా వచ్చాయట. "ఆయన రామమూర్తి ముందు యాడ నిలబడతాడురా" అనేవాడు తాత. ఒక సాయంత్రం నాకు ఉక్రోషం వచ్చి, "ఆగు తాతా, ప్రోగ్రాం రాసి తేల్చేస్తా" అన్నాను. ఇంజనీరింగ్ చదివినవాళ్లకి ఇదొక జబ్బు. మనుషులతో వాదించి గెలవలేకపోతే ప్రోగ్రాం రాస్తాం.

నిజానికి ఈ పని మనకంటే యాభై ఏళ్ల ముందే చేశారు. 1967లో అమెరికాలో ముర్రే వరోనర్ అనే రేడియో ప్రొడ్యూసర్, అన్ని కాలాల హెవీవెయిట్ వీరులు పదహారు మందిని తీసుకుని టోర్నమెంటు పెట్టాడు. రెండొందల యాభై మంది దాకా బాక్సింగ్ రాతగాళ్లని, నిపుణుల్ని అడిగి ఒక్కొక్కరి బలాబలాలు రాయించి, ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్‌కి తినిపించాడు. అది చెప్పిన ఫలితాన్ని రేడియోలో నిజం పోటీకి చెప్పినట్టు వ్యాఖ్యానం చెప్పించాడు. అందులో అలీ క్వార్టర్ ఫైనల్లోనే జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు. ఎవరి చేతిలో? 1910లో జాక్ జాన్సన్ చేతిలో చావుదెబ్బలు తిన్న జెఫ్రీస్ చేతిలో! అలీ ఊరుకుంటాడా, పరువు పోయిందని పది లక్షల డాలర్లకి దావా వేశాడు. ఒక ప్రోగ్రాం అవుట్‌పుట్ మీద పరువునష్టం దావా! మన వృత్తిలో ఉన్నవాళ్లు ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకోవాలి.

ఆ టోర్నమెంటు రాకీ మార్సియానో గెలిచాడు. తర్వాత దావా రాజీలో భాగంగా అలీ, మార్సియానో ఇద్దరితో కలిపి సినిమా తీశారు. 1969లో తీశారు. అప్పటికి అలీకి టైటిల్ పీకేసి ఆడనివ్వట్లేదు. మార్సియానో రిటైరై పదమూడేళ్లు అయింది, యాభై పౌన్లదాకా బరువు తగ్గి, విగ్గు పెట్టుకుని వచ్చాడు. నిమిషం చొప్పున డెబ్భై దాకా రౌండ్లు షూటింగ్ చేశారు, ముగింపులు మాత్రం రకరకాలుగా తీసిపెట్టుకున్నారు. ఆ ఆగస్టులోనే మార్సియానో విమాన ప్రమాదంలో పోయాడు. 1970 జనవరిలో సినిమా విడుదలైతే అమెరికాలో పదమూడో రౌండులో మార్సియానో గెలిచాడు. యూరప్‌లో మాత్రం అలీ గెలిచిన ముగింపు కూడా చూపించారు. అంటే ఒకే ప్రోగ్రాం, ఒకే డేటా, లొకేల్ మారితే విజేత మారిపోయాడు! ఆ కంప్యూటర్ని అలబామాలో తయారుచేసి ఉంటారు అని అలీ వేసిన జోకు ప్రసిద్ధం. అలబామాలో నల్లవాళ్ల పరిస్థితి తెలిసినవాళ్లకి ఆ జోకులో చురుకు తెలుస్తుంది.

ఇదంతా చదివాక కూడా నాకు బుద్ధి రాలేదు. నేను బాగా రాస్తాననుకున్నా.

రాయడం మొదలుపెట్టాక తెలిసింది, అసలు తలనొప్పి బాక్సర్లు కాదు, వాళ్లని ఎక్కడ రన్ చేయాలన్నది. జాన్సన్, జెఫ్రీస్ పోటీ నలభై అయిదు రౌండ్లకి ఒప్పుకున్నది. అలీ కాలంలో పదిహేను. ఇప్పుడు పన్నెండు. మార్సియానో బరువు ఎనభై నాలుగు, ఎనభై అయిదు కిలోలు. ఇవాళ అయితే ఆయన్ని హెవీవెయిట్ అనరు, తొంభై కిలోల పైచిలుకు దాటనివాళ్లని క్రూయిజర్‌వెయిట్ అంటారు. అవతల టైసన్ ఫ్యూరీ ఆరడుగుల తొమ్మిదంగుళాలు. నలభై అయిదు రౌండ్లు పెడితే ఫ్యూరీ ఇరవయ్యో రౌండుకి కుర్చీ వెతుక్కుంటాడు, పన్నెండు పెడితే పాతవాళ్లు వేడెక్కేలోపు ఆట అయిపోతుంది. రౌండ్లు ఎన్ని అన్న ఒక్క పారామీటర్ మారిస్తే నా పట్టిక తలకిందులైపోయేది. నేను పన్నెండు పెట్టాను. ఎందుకూ అంటే ఇప్పటి రూలు అది కాబట్టి. అంటే అప్పుడే నేను ఇప్పటివాళ్ల పక్షాన చేరిపోయాను. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

ఇక రామమూర్తి. బాక్సర్లకి గెలుపోటములు ఉన్నాయి, నాకౌట్లు ఉన్నాయి, చెయ్యి పొడవు దగ్గర్నుంచీ కొలతలున్నాయి. రామమూర్తికి ఏమున్నాయి? ఒక ఏనుగు, కొన్ని గొలుసులు, రెండు కార్లు. నా టేబుల్లో ఆయన వరసంతా నల్. మనం ఏం చేస్తాం నల్ వస్తే? నేనూ అదే చేశా. మిగతావాళ్లందరి సగటు తీసి ఆ గళ్లలో నింపేశా. వెయ్యిసార్లు రన్ చేస్తే అలీ తొమ్మిదొందల చిల్లర సార్లు గెలిచాడు.

గొప్పగా తీసుకెళ్లి తాతకి చూపించాను.

"రామమూర్తి బలం యాడ దొరికింది నీకు?" అన్నాడు.

"దొరకలేదు తాతా, సగటు పెట్టా."

"సగటంటే?"

"అందరివీ కూడి, ఎంతమంది ఉంటే అంతతో భాగిస్తే వచ్చేది."

తాత కాసేపు నావైపు చూశాడు. "కోడి రామమూర్తికి సగటు పెడతావా? అందరిలో ఒకడా ఆయన?" అని తువ్వాలు దులుపుకుని లేచి లోపలికి పోయాడు. ఆ తర్వాత ఈ సంగతి నాతో ఎత్తలేదు. మిగతావన్నీ మాట్లాడేవాడు, కరెంటు బిల్లు, నా పెళ్లి, వర్షాలు. రామమూర్తి పేరు మాత్రం మా మధ్య లేకుండా పోయింది. నాయనమ్మ నన్నే తిట్టింది, ముసలాయనకి మిగిలిన ఒక్క కబురూ చెడగొట్టావు గదరా అని.

నాకు అప్పుడు నవ్వొచ్చింది. నవ్వు పోయింది మాత్రం మూడేళ్ల తర్వాత, 2023లో. మా ప్రాజెక్టులో ఏడాది మధ్యలో మేనేజర్ మారాడు. కొత్తాయన అప్రైజల్ మీటింగులో చాలా మర్యాదగా చెప్పాడు, నీ మొదటి ఆరు నెలల పని గురించి నా దగ్గర సమాచారం లేదు, అందుకని మధ్య రేటింగ్ వేశాను అని. ఆ ఆరు నెలల్లో నేను పండగలకి కూడా ఇంటికి పోకుండా ఒక మైగ్రేషన్ చేశాను. బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడితే తాత తువ్వాలు దులపడం గుర్తొచ్చింది.

2024 నవంబరులో ఇంకో చిత్రం జరిగింది. యాభై ఎనిమిదేళ్ల మైక్ టైసన్, యూట్యూబ్‌తో పేరు తెచ్చుకున్న జేక్ పాల్‌తో ఆడి ఓడిపోయాడు. శనివారం పొద్దున్నే లేచి చూశాను, చూడకుండా ఉన్నా బాగుండేది. ఆ బాధలో పాత ప్రోగ్రాం తెరిచి దాన్ని గ్రాఫ్‌గా మార్చాను. ఎవరు ఎవర్ని ఓడిస్తే వాళ్లవైపు ఒక గీత. పాల్ టైసన్‌ని ఓడించాడు. టైసన్ 1988లో లారీ హోమ్స్‌ని ఓడించాడు. హోమ్స్ 1980లో అలీని ఓడించాడు. అలీ 1974లో ఫోర్‌మన్‌ని, ఫోర్‌మన్ 1973లో ఫ్రేజియర్‌ని. కాబట్టి జేక్ పాల్ అలీ, ఫోర్‌మన్, ఫ్రేజియర్ ముగ్గురికంటే గొప్పవాడు. లాజిక్‌లో ఎక్కడా తప్పు లేదు, కావాలంటే డ్రై రన్ చేసుకోండి :)

ఆ గ్రాఫ్ చూస్తూ కూర్చుంటే ఒక విషయం తట్టింది. ఒక తరాన్ని ఇంకో తరానికి కలిపే గీతలన్నీ ఒకేలా ఉన్నాయి. 1951లో మార్సియానో ఓడించినప్పుడు జో లూయిస్‌కి ముప్పై ఏడు. హోమ్స్ చేతిలో ఓడినప్పుడు అలీకి ముప్పై ఎనిమిది. టైసన్ చేతిలో పడ్డప్పుడు హోమ్స్‌కీ ముప్పై ఎనిమిదే. రెండు కాలాలవాళ్లు నిజంగా ఎదురుపడ్డప్పుడల్లా పాత కాలం తరఫున వచ్చేది ఒక ముసలాయన. మనం ఊహించుకునే పోటీ అది కానే కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ మన దగ్గరే ఉంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. 2019లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయర్లకి మేరీ కోమ్‌ని నేరుగా పంపుదామనుకుంటున్నారని తెలిసి, నాకు ట్రయల్ పెట్టండి అని క్రీడల మంత్రికి బహిరంగంగా ఉత్తరం రాసింది. ఆరుసార్లు ప్రపంచ చాంపియన్‌ అయినావిడ మీద ఇరవై మూడేళ్ల పిల్ల! ఎంత ధైర్యమో ఆలోచించండి. అందరూ పేరు చూసి లెక్క తేల్చేస్తుంటే ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే, రింగులో తేల్చండి అని. డిసెంబరు 28న ఢిల్లీలో తేల్చారు. ముప్పై ఆరు దాటిన మేరీ కోమ్ 9-1 తేడాతో గెలిచింది. ముసలివాళ్లు ఓడిపోతారన్న నా థియరీ కూడా అక్కడ పోయింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది. ఇప్పుడు చెప్పండి, ఇద్దరూ మంచి ఫామ్‌లో ఉంటే ఎవరు? నిజంగా జరిగిన పోటీ స్కోరు మన చేతిలో ఉంది, అయినా వాదన తెగదు. నాకు మాత్రం ఆ 9-1 కంటే ఆ ఉత్తరమే పెద్దదనిపిస్తుంది.

ఇవన్నీ బుర్రలో పెట్టుకుని 2025 శివరాత్రికి ఊరెళ్లాను. శివరాత్రికి మా ఊరు చూడాలి. కాలినడకన వెళ్లేవాళ్లు, బస్సులు, జీపులు, నాలుగు రోజులు నిద్ర ఉండదు. మామూలు రోజుల్లో అయితే చీకటి పడ్డాక అడవి గేటు వేసేస్తారు, పులుల అభయారణ్యం కదా. ఆ గేటు దగ్గర ఆగిపోయిన లారీ డ్రైవర్ల మధ్య జరిగే వాదనలు వింటూనే మా తాత లాంటివాళ్లు తయారయ్యారని నా అనుమానం. సెంటర్లో టీ బంకు దగ్గర తాతా నేనూ కూర్చున్నాం. పక్క బల్ల మీద నలుగురు ఎద్దుల బండలాగుడు పందేల గురించి మాట్లాడుకుంటున్నారు. ఫలానా జత ఎన్ని అడుగులు లాగింది, ఫలానాది ఎందుకు వెనకపడింది.

మా తాతకీ ఒకప్పుడు జత ఉండేది. ఒంగోలు గిత్తలు. ఎనభైల్లో ఒక తిరునాళ్లలో రెండో బహుమతి వచ్చింది. ఆ ఇత్తడి బిందె ఇప్పటికీ ఇంట్లో ఉంది, దాంట్లో నాయనమ్మ బియ్యం పోస్తుంది. ట్రాక్టర్ వచ్చిన ఏడు ఆ జతని అమ్మేశాడు. ఎవరికి అమ్మాడో మాకెప్పుడూ చెప్పలేదు.

ఎలా అడగాలో తెలియక అడిగేశాను. "తాతా, నీ జత, ఇప్పటి జతలు పోటీ పడితే ఏవి గెలుస్తాయి?"

మావే అంటాడనుకున్నా. అదే అంటే మళ్లీ వాదన మొదలుపెట్టొచ్చని నా ఆశ.

"ఇప్పటియ్యే గెలుస్తయ్" అన్నాడు, ఆలోచించకుండానే. "వాటికి పెట్టే దాణా ఏంది, చేసే సాకుడేంది! పందేనికి తప్ప గొడ్డు బయటికి రాదు. నా గిత్తలు పొద్దున దాకా అరక దున్ని, సాయంత్రం బండ లాగినయ్. యాడ పోలిక?"

"మరి దున్నకుండా, వీటిలాగే దాణా పెట్టి సాకి ఉంటే?"

"అప్పుడు అవి నా గిత్తలెట్లా అవుతయ్ రా?"

నేను టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. నా ప్రోగ్రాంలో ఒక్క ఇఫ్ కండిషన్ కూడా ఈ ప్రశ్న వేయలేదు. మార్సియానోకి ఇప్పటి తిండి, ఇప్పటి ట్రైనర్లు, పది కిలోల కండ ఇస్తే మార్సియానో అవుతాడా? చెప్పులు తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు, తక్కువ ఎత్తు, పొట్టి చేతులు, అందుకే అవతలివాడి మీదికి దూసుకుపోయి కొట్టడం. అవి తీసేస్తే మిగిలేది ఎవరు?

తాత ఊపులో ఉన్నాడు. పందేల్లో పశువులకి నోరు తెరిచి పళ్లు చూస్తారట. పాలపళ్లవి వేరే, రెండు పళ్లవి వేరే, నాలుగు, ఆరు, అట్లా వేరే వేరే విభాగాలు. "రెండు పళ్ల కోడెని తెచ్చి ఆరు పళ్ల దాని పక్కన కట్టవు గదా. బండ బరువు కూడా దేనికి దానికే" అన్నాడు. అక్షరం ముక్క ఇంగ్లీషు రాని మా ఊళ్లలో ఈ సంగతి ఎప్పట్నుంచో రూలుగా ఉంది. నేను గ్రాఫ్ గీసి కనిపెట్టాననుకున్నా.

నాకు గామా కథ గుర్తొచ్చి చెప్పాను. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్ మీదికి జిబిస్కో అనే పోలండ్ వస్తాదు వస్తే, ఆయన బోర్లా పడుకుని లేవకుండా రెండున్నర గంటలు గడిపాడు, పోటీ తేలలేదు. మళ్లీ పద్దెనిమిదేళ్లకి, 1928లో పటియాలాలో ఇద్దరూ తలపడితే గామా నిమిషం లోపే పడగొట్టేశాడు. ఇద్దరికీ అప్పటికి యాభై దగ్గర పడింది.

"అదీ పోటీ" అన్నాడు తాత. "ఇద్దరికీ పళ్లు సమానం."

ఇంకో నిమిషం ఆగి, నాలుగున్నరేళ్ల తర్వాత మొదటిసారి, తనే అడిగాడు. "మీ మిషన్లో రామమూర్తికి ఎన్ని పళ్లు పెట్టినావు?"

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను. అలీ, టైసన్, జేక్ పాల్, అందర్నీ పక్కన పెట్టేశాను. గామా, రామమూర్తి ఒకే కాలం వాళ్లు కాబట్టి ఇద్దర్నే ఉంచాను. 1910 అని పెడితే గామాకి ముప్పై రెండు, రామమూర్తికి ఇరవై ఎనిమిది. పళ్లు దాదాపు సరిపోయాయి అన్నాడు తాత. తర్వాత రామమూర్తి వరసలో నేను నింపిన సగటులన్నీ తుడిచేసి మళ్లీ నల్ చేశాను. తాత పక్కనే కుర్చీ వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. రన్ కొట్టాను.

తెర మీద ఎర్రగా ఒక పేజీ ఎర్రర్లు వచ్చాయి.

"ఏమంటాంది?"

"ఈయన బలం ఎంతో తెలియకుండా లెక్క చేయలేనంటోంది."

తాత ఆ ఎర్రటి గీతల్ని వేలితో ఒక్కొక్కటే పైనుంచి కిందిదాకా చూసుకుంటూ వచ్చాడు, ఏదో చదువుతున్నట్టే. తర్వాత వంటింటివైపు తిరిగి గట్టిగా నాయనమ్మని పిలిచాడు. "ఇటు రా, వీడి మిషన్ కూడా రామమూర్తిని మొయ్యలేకపోయింది, చూద్దువు రా!"